తలుపు అవతల ఊ

నా పుస్తకం రెండో ముద్రణకు పోతున్నప్పుడు ప్రచురణకర్త ఒక కోరిక కోరాడు. అట్ట వెనకవైపు పాఠకుల మాటలు నాలుగు వేద్దాం మేడం, చదివి బాగుపడ్డవాళ్లెవరైనా ఉంటే అడిగి రాసివ్వండి అన్నాడు. చదివినవాళ్లు చాలామందే తగిలారు. బాగుపడ్డవాళ్ల కోసం వెతుక్కుంటూ నేను వరంగల్ కాశిబుగ్గ దాకా వెళ్లాను. అక్కడ నాకు దొరికింది అట్ట మీద వేసుకునే మాట కాదు. ఇది చదివాక ఎవరికైనా నా మీద కోపం వస్తే అది న్యాయమే, ఆ కోపం నాకూ ఉంది.

ముందు పుస్తకం సంగతి చెప్పాలి. నేను హనుమకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పి రిటైరయ్యాను. చెప్పే నోరు ఊరుకోదు కదా. ఎవరిలో ఉన్న కళను వాళ్లు ఎట్లా బయటికి తీసుకోవాలో బోధిస్తూ ఒక పుస్తకం రాసేశాను. దాని సారమంతా ఒక్క మాట, తలుపు వేసుకోండి. రోజుకొక గంట మీకోసం తీసుకోండి, ఆ గంట ఇంట్లోవాళ్లను గది బయటే ఆపండి. ఎవరి మెప్పూ ఎవరి ఆసరా అడగకండి. నలభై రోజులు మీరు చేసింది ఎవరికీ చూపించకండి, వినిపించకండి. ఒక్కరోజు తప్పినా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టండి. ఇదీ ధోరణి. కాలేజీలవాళ్లు పిలిచారు, శాలువాలు కప్పారు. నాలుగు శాలువాలు పడ్డాక మనిషికి తన మాట తనకే మంత్రంలా వినిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు వచ్చి, సర్కారు బడుల్లో వారానికొక పూట పిల్లలకు కథలు చెప్పేవాళ్లను ఎంపిక చేస్తున్నాం, మీరే శిక్షణ ఇవ్వాలి, మీరే ఎంచాలి అన్నారు. పెద్ద చదువులు అక్కర్లేదు, కథ చెప్పడం వస్తే చాలు. నాకు సంబరమైంది. నియమాలన్నీ నేనే రాసిచ్చాను. పేరిచ్చిన మనిషి ఒక్కరే లోపలికి రావాలి. వెంట ఎవరూ ఉండకూడదు. చెబుతున్నంతసేపూ గదిలో చీమ చిటుక్కుమనకూడదు. ఎంచేవాళ్లం ముగ్గురం మొహంలో ఏ భావమూ కనిపించకుండా కూర్చోవాలి. ఎదుటివాళ్ల మొహం చూసి చెప్పేవాడు బానిస అవుతాడని నా పుస్తకంలో ఒక వాక్యం ఉంది. అంత గొప్ప వాక్యం రాశాక దాన్ని వాడకుండా ఎట్లా ఉంటాను?

ఆమె వంతు మధ్యాహ్నం భోజనాల తర్వాత వచ్చింది. ముప్పై దాటిన మనిషి. కాశిబుగ్గలో అంగన్‌వాడీ ఆయమ్మ. తురక సాయిబుల ఇంటి కోడలు, మాట మాత్రం పచ్చి వరంగల్ తెలుగు. చున్నీ తల మీదికి సర్దుకుంటూ వచ్చింది, ఆమె భుజం పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. కళ్లు సరిగ్గా ఆనడం లేదని నడకలోనే తెలుస్తోంది.

“ఈమె ఎవరు?” అన్నాను.

“మా అత్తమ్మ మేడం.”

“ఆమె బయట కూర్చోవాలి.”

ముసలామె నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది. “నేనేం మాట్లాడ బిడ్డా. ఎనుక కూసోని ఊ కొడ్త, అంతే.”

“అదే వద్దంటున్నాను పెద్దమ్మా. నీ కోడలు ఒక్కతే చెప్పాలి. రేపు బడికి నువ్వు కూడా పోతావా?”

నా పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఇంకాస్త హుషారొచ్చింది. కోడలే ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చింది. ఎందుకు పేరిచ్చావని అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పింది. “మా బిడ్డ ఆరో తరగతి మేడం. దాని క్లాసుల నిలబడి ఒక్కపారి కథ చెప్పాలె. నేను బడిల ఊడుస్తనని, బాసండ్లు తోముతనని అందరికి ఎరుకే. చెప్తనని గుడ ఎరుక కావాలె గద.”

మంచి కోరిక అని కాగితం మీద రాసుకున్నాను. చెప్పమన్నాను.

“ఒక మేక ములుగు బస్సెక్కింది,” అంది ఆమె. అని ఆగింది. మా ముగ్గురి వైపు చూసింది. మేం రాతిబొమ్మల్లా కూర్చున్నాం. “బస్సెక్కినంక కండక్టర్ వచ్చిండు,” అంది. మళ్లీ ఆగింది. “టికెట్ అన్నడు.” ఆగింది. ఈసారి ఆ ఆగడం చాలాసేపు సాగింది. ఆమె తల వంచుకుని, “అంతే మేడం,” అంది.

కాగితం మీద నేనేం రాశానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. జ్ఞాపకశక్తి తక్కువ. ఆత్మవిశ్వాసం లేదు. ఇతరుల మీద ఆధారపడే స్వభావం.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేను పరాయి దేశం నుంచి దిగినదాన్ని కాదు. మా నాయనమ్మ కథ చెబుతుంటే ఊ కొట్టి పెరిగినదాన్నే. ఊ అనకపోతే ఆ ముసలమ్మ అడుగు ముందుకు వెయ్యదు. ఊ ఆగిందంటే పిల్ల నిద్రపోయిందని, లేదా దానికి కథ నచ్చలేదని ఆమె లెక్క. అక్కడితో ఆపి నా మీద దుప్పటి కప్పేది. ఊ లేని చోట కథను లాగడం మా వైపు మర్యాద కాదు. ఇది నాకు తెలియక కాదు. తెలిసి కూడా, నా ఎదురుగా ఒకామె మూడుసార్లు ఆగి మూడుసార్లు ఊ కోసం మా మొహాలు చూస్తే, కథ మరిచిపోయిందని రాశాను. చదువుకున్న కళ్లకు పొర కమ్మితే ఆపరేషన్ కూడా ఉండదు.

ఆమెను ఒట్టి చేతులతో పంపలేదు, అదీ నా గొప్ప. నా పుస్తకం ఒకటి తీసి, మొదటి పేజీలో ‘తలుపు వేసుకో, నీ గొంతు నీకు దొరుకుతుంది’ అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. రెండు నెలల్లో రెండో విడత ఉంది, నలభై రోజులు ఇందులో చెప్పినట్లు చేసి రా, నీకు చోటు తప్పకుండా ఉంటుంది అన్నాను. ఆమె పుస్తకాన్ని కళ్లకద్దుకుంది. వరండాలోకి పోయి అత్తకు ఏదో చెప్పింది. ముసలామె నవ్వుతూ, “నలభై దినాలేనా, అయిపాయె,” అనడం నాకు వినిపించింది.

రెండో విడతకు ఆమె రాలేదు. నేను ఆ సంగతి మరిచిపోయి ఉన్నా సగం పాపం తగ్గేది. మరిచిపోలేదు, వాడుకున్నాను. మూడు కాలేజీల్లో మైకు ముందు ఆమె కథ చెప్పాను. ఒక ఆయమ్మ అత్తను వెంటబెట్టుకుని ఎంపికకు వచ్చింది, అత్త పక్కన లేకపోతే నోరు పెగల్లేదు, దారి చూపిస్తే అదీ నిలబెట్టుకోలేదు, ఆరంభశూరత్వం అంటే ఇదే పిల్లలూ అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మరి అట్ట వెనక మాటల కోసం ఆమె దగ్గరికే ఎందుకు వెళ్లాను? ఆయమ్మ మాట ఒకటి పడితే పుస్తకం పేదల దాకా పోయినట్లు కనిపిస్తుందని ప్రచురణకర్త అన్నాడు. పుస్తకం తీసుకుని చదివే ఉంటుంది కదా, రెండు వాక్యాలు నేనే రాసి చదివి వినిపిస్తే సరేనంటుందని నేననుకున్నాను. ఆ రెండు వాక్యాలు ఆటోలోనే రాసేసుకున్నాను కూడా.

అంగన్‌వాడీకి వెళ్లేసరికి పిల్లలు అన్నాలు తిని చాపల మీద పడుకుని ఉన్నారు. టీచరమ్మ ఫోనులో ఏవో బొమ్మల పాటలు పెట్టి గోడకు ఆనించింది. సగంమంది నిద్రపోక దాని మీద ఎగబడుతున్నారు. ఆమె గురించి అడిగితే, “ఎనుక బాసండ్లు తోముతాంది మేడం,” అని, కాస్త గొంతు తగ్గించి, “ఇదివరకు ఆమె కథ చెప్తే పదినిమిషాలల్ల అందరు పండేది. ఇప్పుడు చెప్తలేదు. మీ సెలక్షన్‌కు పోయొచ్చినంక బందు పెట్టింది. నాకు సరిగ చెప్పరాదు టీచరమ్మ అంటది,” అంది.

నాకు తల కొట్టేసినట్లయింది. అయినా నా సంచిలో ఆ రెండు వాక్యాల కాగితం ఉంది, నేను అక్కడి నుంచి కదల్లేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూసి నొచ్చుకున్నట్లు నవ్వింది. తప్పు తనదైనట్లు. “మల్ల రాలేకపోయిన మేడం. ఇంటికి రాండ్రి, చాయ్ తాగిపోదురు,” అంది.

నేతవాళ్ల ఇంట్లో వెనక గది ఒకటి అద్దెకు తీసుకుని ఉంటున్నారు. మధ్య గోడ అవతల మగ్గం ఆడుతోంది. గది అంటే గదే, దానికి లోపల ఇంకో గది లేదు. వంట ఒక మూల, మంచం ఒక మూల, మసీదువాళ్ల క్యాలెండరు, పిల్లల పుస్తకాల సంచులు. ఉన్న తలుపు ఒక్కటే, అది సందులోకి తెరుచుకుంటుంది. నేను ఆ తలుపును చూశాను, మళ్లీ గదిని చూశాను.

“తలుపు వేసుకున్నప్పుడు మీవాళ్లంతా ఎక్కడుండేవాళ్లు?” అన్నాను.

“ఆయన ఆటో తీస్కొని పోతడు మేడం. పిల్లలు, అత్తమ్మ బయట గడప మీద. పొద్దుగూకి మగ్రిబ్ అజా అయ్యేదాక. మీరు గంట అన్నరు గద.”

“అత్తమ్మ ఏదీ?”

“పోయింది మేడం,” అంది. అని చాయ్ పోసింది.

పుస్తకం అల్మారాలోంచి తీసి చూపించింది. కూతురి నోటుబుక్కులకు వేసినట్లే దానికి ఖాకీ అట్ట వేసుకుంది. చివరి పేజీలో పెన్సిలుతో గళ్లు గీసి రోజుకొక టిక్కు పెట్టింది. ముప్పై రెండు టిక్కులు. నా పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివినవాళ్లు ఇంకొకరు ఉండరు. రాసినప్పుడు నేను కూడా అంత శ్రద్ధ పెట్టలేదు.

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, నేను కూడా కోప్పడేదాన్ని, అది నాకు చేతనవును. ఆమె ఏదో పాఠం అప్పజెప్పినట్లు చెప్పుకుపోయింది.

“మేకది మేమిద్దరం అల్లిన కథ మేడం. నేను చెప్తుంటె అత్తమ్మ ఊ కొట్టేది. ఊ గట్టిగ అంటె కథ నడుస్తాందన్నట్టు. ఊ… అని గుంజిందనుకో, అబద్ధం జర ఎక్కువైందన్నట్టు, మేకను వేరే తొవ్వల తీస్కపోవాలె. కండక్టర్ టికెట్ అడిగితె మేక ఏం జేసిందనేది రోజుకొక తీరు వచ్చేది. మీ కాడ అదే సమజ్ కాలే. ఏ తీరు చెప్పాల్నో ఎవలు అన్లే గద, ఆగిపోయిన.”

“మరి తలుపు వేసుకున్నాక?” అన్నాను.

“మొదటి దినాలల్ల తలుపు పెట్టుకొని చెప్తుంటె అత్తమ్మ బయట కూసోనే ఊ కొట్టింది. తలుపు సందులకెల్లి నా గొంతు ఇనొస్తది గద. తలుపు అవతల ఊ అంటాంది, ఊ అంటాంది. నాకు నవ్వొచ్చింది, కథ గుడ మంచిగ వచ్చింది. గని మీరు ఆసర వద్దన్నరు. లేసి తలుపు తీసిన. అత్తమ్మా జర సప్పుడు చెయ్యకు, మేడం ఒప్పుకోదు, ఒక్కదాన్నే నేర్వాలె అన్న. ఇగ ఆ దినం సంది అనలే. గడప మీద ఉత్తగ కూసునేది.”

“తర్వాత?”

“జ్వరం వచ్చింది. దవాఖానల రెండు దినాలున్నది. మేకను ఏం జేసినవే అని అడిగింది మేడం. నలభై దినాలు ఎవలకు ఇనిపియ్యద్దని రాసి ఉన్నది గద. ఇంక ఎనిమిది దినాలే అత్తమ్మా, అయినంక నీకే ముందుగాల చెప్త అన్న.”

గోడ అవతల మగ్గం ఆగింది. నేతామె ఎవరినో నీళ్లు అడుగుతోంది. ఇవతల ఆయమ్మ నా మొహం చూసి కంగారుపడింది. “మీరు ఫికర్ చెయ్యకుండ్రి మేడం. ముసలి పానం. మీ వల్లనైతె గాదు,” అంది. ఆ తర్వాత, ఎన్నాళ్ల నుంచో అడగాలనుకుంటున్నట్లు, పుస్తకం నా వైపు జరిపి టిక్కుల మీద వేలు పెట్టింది.

“దవాఖాన కాడ తప్పిపోయినయి మేడం. మల్ల మొదటి నుంచి షురూ చెయ్యాల్నా?”

వద్దన్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమెకు నేను గంటలు గంటలు మాట్లాడే మేడం. అప్పుడు మాత్రం చాయ్ బాగుందన్నాను. సంచిలో కాగితం సంచిలోనే ఉంది, ఇంటికి వచ్చి చింపేశాను.

ఇంకో సిగ్గు మిగిలి ఉంది, అదీ చెప్పేస్తాను. నా పుస్తకాన్ని నేను తలుపు వేసుకునే రాశాను, నిజమే. తలుపు బయట మా ఆయన వచ్చినవాళ్లను వచ్చినట్లే పంపేసేవాడు. వంటామె పప్పు కుక్కరు విజిల్ కూడా నాకు అడ్డమని పెరట్లో స్టవ్ పెట్టుకుని వండేది. రాసిన పేజీలు రోజూ సాయంత్రం కేసముద్రంలో ఉండే మా అక్కకు ఫోనులో చదివేదాన్ని. ఆమె మిర్చి ఏరుకుంటూ వింటూ ఊ అనేది. ఒక్కోసారి ఊ కాస్త సాగితే ఆ పేరా కొట్టేసి మళ్లీ రాసేదాన్ని. ఒక్కదాన్నే అంటూనే ఏడాది పొడవునా ఊ తాగి బతికాను. అంకితం పేజీలో మాత్రం ‘నా ఏకాంతానికి’ అని వేసుకున్నాను. చెప్పేవి శ్రీరంగనీతులు అనే సామెతలో మొదటి సగమే చాలు, నాకు సరిగ్గా అతుకుతుంది.

రెండో ముద్రణ ఆపించాను. సంస్థవాళ్లకు ఫోన్ చేసి, నియమాలు నేనే తప్పు రాశాను, ఇకమీద పేరిచ్చినవాళ్లు ఊ కొట్టే మనిషిని వెంట తెచ్చుకోవచ్చని మార్చండి, ఆమెను మళ్లీ పిలవండి అన్నాను. మార్చారు, పిలిచారు కూడా. నాకు ఊ కొట్టెటోళ్లు పోయిండ్రని చెప్పిందట.

ఇదంతా రాసి అలవాటు ప్రకారం అక్కకు ఫోన్ చేసి చదివాను. అక్క ఊ కొట్టలేదు. చివరిదాకా విని, “ఆమెకు చదివి ఇనిపిచ్చినవా?” అంది. లేదన్నాను. “మైకుల ముందట మూడుసార్లు ఆమెను అడగకుంటనే చెప్పినవు. ఇది నాలుగోసారి గాదా?” అంది. నాకు ఒళ్లు మండింది. మండినా ఆదివారం కాగితాలు పట్టుకుని కాశిబుగ్గకు పోయాను.

ఆమె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ముసలామె కూర్చునే చోటు వదిలి ఇవతలగా కూర్చుంది. నేను కింది మెట్టు మీద కూర్చున్నాను. మీ గురించి రాశాను, వినండి, వద్దంటే చింపేస్తాను అన్నాను. మొదటిసారి ఆమెను మీరు అన్నాను. చదవడం మొదలుపెట్టాను.

“ఊ,” అంది.

నేను ఆమెకు ఇవ్వనిది ఆమె నాకు వాక్యం వాక్యానికీ ఇస్తూ పోయింది. శాలువాల దగ్గర నవ్వుతూ ఊ అంది. బెంచీ దగ్గర, నేను కాగితం మీద రాసిన మాటల దగ్గర, మూడు కాలేజీల దగ్గర కూడా ఊ అంది, గొంతు తగ్గింది గాని ఆపలేదు. ముప్పై రెండు టిక్కుల దాకా అట్లాగే నడిపించి తీసుకుపోయింది. నలభై దినాలు ఎవలకు ఇనిపియ్యద్దని రాసి ఉన్నది గద అన్న మాట చదివాను. ఊ రాలేదు.

నేను ఆగాను. చిక్కుడుకాయలు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. ఆమె ఖాళీగా ఉన్న గడప చివరను చూస్తోంది. “అచ్చు వేసుకోండ్రి మేడం. గని నాకు ఇగ చదవకుండ్రి,” అని చున్నీ మొహం మీదికి లాక్కుంది.

ఊ ఆగితే కథ ఆపాలి, ఆ మర్యాద ఇప్పుడైనా పాటించాను. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆమెను నేను క్షమించమని అడిగిన పేరా, ఇక్కడ వెయ్యనిది, వాటిలో చిట్టచివర ఉంది. అక్కడిదాకా పోలేదు.